మునిగిన ఊరికి బస్సు ఎక్కడ దొరుకుద్ది?



పాట గురించి రాయాలంటే మన పేజీలో కొంచెం కొత్తగానే ఉంటది. మనం ఎప్పుడూ పట్టాల గురించి, జీవోల గురించి, గ్రామసభల గురించి రాసుకుంటాం. కానీ ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో ఏం మోగుతుందో చూస్తే నాకొకటి అర్థమైంది. మన కరపత్రం పది మంది చదివితే, ఒక మంచి పాట పది ఊర్లు తిరుగుతది. అందుకే పాటను తేలిగ్గా తీసుకోవద్దు అంటున్నా. ముఖ్యంగా ఒక పాట గురించి మాట్లాడాలి. చౌరస్తా బ్యాండ్ 2018లో విడుదల చేసిన 'ఊరెళ్ళిపోతా మామా'.

చౌరస్తా హైదరాబాద్ బ్యాండ్. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్, ఆనంద్ గుర్రం లాంటి కుర్రాళ్లు కలిసి పెట్టుకున్నది. సినిమా కోసం కాకుండా, హీరో కోసం కాకుండా, ఒక పాటను పాటగానే యూట్యూబ్‌లో వదిలారు. మన జానపదం మాటకి గిటారు, డ్రమ్స్, రెగె నడక కలిపారు. పాడింది ఇంగ్లీషు యాసలో కాదు, ఊరి యాసలో. రామ్ మిరియాల తర్వాత 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి', 2022లో 'డీజే టిల్లు' పాటలతో అందరికీ తెలిసిపోయాడు. కానీ నా మటుకు అతని పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది ఈ ఊరి పాటే.

ఎందుకంటే ఈ పాట పైకి కనపడేంత తేలికైంది కాదు. మొదట విన్నప్పుడు ఏమనిపిస్తది? పట్నంలో విసిగిపోయిన ఒకడు ఎర్రబస్సెక్కి ఊరెళ్లిపోతానంటున్నాడు అనిపిస్తది. అలాంటి పాటలు తెలుగులో బోలెడున్నాయి. పల్లె పచ్చగా ఉంటది, అమ్మ అన్నం పెడతది, వెన్నెల కాస్తది. పట్నపోళ్లు విని కాసేపు నిట్టూర్చి మళ్లీ పనిలో పడతారు. కానీ చౌరస్తా పాట అక్కడ ఆగదు. ఒక గొంతు నా ఊరుందని నల్లమల అడవిలో పల్లెను చూపిస్తే, ఇంకో గొంతు ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుందని అడుగుద్ది. నువ్వు తలుచుకునే ఊరు నువ్వు వచ్చేదాకా అలాగే ఉండదని చెప్తది. పాటలో బలం మొత్తం ఆ రెండో గొంతులోనే ఉంది. అది తీసేస్తే మిగిలేది పండగ సెలవుల పాట.

పాట వచ్చిన మరుసటి ఏడే నల్లమల గొడవ బయటపడింది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల్లో జనం లేచారు, రోడ్డెక్కారు. సినిమా వాళ్లు కూడా 'సేవ్ నల్లమల' అన్నారు. ఆ సెప్టెంబర్లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ తీర్మానం పాట వల్ల వచ్చిందని నేను అనను. చెంచుల పోరాటం వల్ల వచ్చింది. కానీ హైదరాబాద్‌లో కూర్చున్న కుర్రాడికి నల్లమల అంటే శ్రీశైలం వెళ్లే దారి మాత్రమే కాదు, అక్కడ ఒక పల్లె ఉంది, దానికి ముప్పు ఉంది అని చెవిలో వేసిన వాటిల్లో ఈ పాట ఒకటి. ఆ పని కరపత్రం చెయ్యలేదు.

ఇక మన సంగతికొద్దాం.

నేను ఇది దిండిలో కూర్చుని రాస్తున్నా. నల్లమల అంచున, నల్గొండ వైపు కృష్ణలో కలిసే దిండి వాగు కాదు. కోనసీమ దిండి. మలికిపురం మండలం, వశిష్ఠ గోదావరి గట్టు. అవతల చించినాడ వంతెన. టూరిజం రిసార్ట్, హౌస్ బోట్లు, కొబ్బరి తోటలు. సినిమా వాళ్లకీ, కొత్త పెళ్లి జంటలకీ ఇష్టమైన చోటు. పైనుంచి, మన మన్యం వైపు నుంచి పనికొచ్చిన మన పిల్లలు కొందరు ఇక్కడే ఉన్నారు. బోట్లు కడగడం, వంటసాయం, చెరువుల మీద కాపలా. సాయంత్రం పని దిగాక చిన్న స్పీకర్ పెట్టుకుంటే ఈ పాట ఖాయం. ఒక రోజు కూనవరం వైపు నుంచొచ్చిన తమ్ముడొకడు పాట సగంలో నవ్వుతా అన్నాడు: "అన్నా, వీళ్లకి బస్సు దొరికితే చాలు. మనకి బస్సు దొరికినా దిగడానికి స్టాపు ఉండదు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయా. నిజమే కదా. ఊరెళ్లిపోతా అనడం కూడా ఒక ఆస్తే. ఊరున్నోడికే ఆ మాట అనే హక్కు.

పోలవరం కింద మునిగే ఊళ్ల లెక్క మనలో చాలామందికి నోటికే వచ్చు. నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా. అందులో ఆదివాసులే పెద్ద భాగం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి ముంపు మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రాలో కలిపారు. మా ఊళ్లను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి మార్చేటప్పుడు కూడా ఎవరూ గ్రామసభ పెట్టి అడగలేదు. తర్వాత 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అని రెండు అంకెలు తెచ్చారు. మొదటి దశ, రెండో దశ. 41.15 కాంటూరులో ఉంటే ఇప్పుడు పరిహారం, దాని పైనుంటే తర్వాత. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు దాటితే కాంటూరు గీతకి లోపలా బయటా తేడా లేకుండా ఊళ్లు మునిగాయి. నీళ్లకి జీవో చదవడం రాదు కదా.

అదే గోదారి, అదే జూలై, దిగువన కోనసీమ లంకల్ని కూడా ముంచింది. ఇళ్లల్లోకి నీళ్లు, అరటి తోటలు గంగపాలు. ఈ సంగతి మనవాళ్లు కొందరు మర్చిపోతారు. డెల్టా వాళ్లంటే మన నీళ్లతో బాగుపడ్డోళ్లు అని ఒకే ముద్ర వేస్తారు. కానీ కోనసీమ సామాన్యుడికి కూడా తన కింద నేల గురించి భయం ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయ్యి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఈ రెండూ ఇక్కడికి దూరం కాదు. కింద గ్యాస్, పక్కన ఇసుక, పైన వరద. ఊరెళ్లిపోతా అంటే, వెళ్లేసరికి ఊరు ఎలా ఉంటది అనే అనుమానం లంక రైతుకీ, దళిత కూలీకీ, మత్స్యకారుడికీ ఉంది. చౌరస్తా పాటలోని ఆ రెండో గొంతు వాళ్లందరి ఇంటి ముందూ నిలబడి అడగగలదు. అందుకే ఆ పాట మనకి పనికొస్తుంది.

కానీ ఆ పాట మన కోసం చెయ్యలేని పని ఒకటుంది. అది మనమే చెయ్యాలి.

ఊరు పోయిందని చెప్పడం ఒక పని. ఊరు ఎవరు తీసుకున్నారు, మాకేం కావాలి అని చెప్పడం ఇంకో పని. మొదటిది బయటివాళ్లు మంచి మనసుతో చెయ్యగలరు, చేశారు కూడా. రెండోది పోగొట్టుకున్నవాళ్లే చెయ్యాలి. దీనికి ప్రపంచంలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసులది.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో యోల్ంగు ప్రజలు ఉంటారు. వాళ్ల నేలలో బాక్సైట్ ఉంది. (చింతపల్లి, జెర్రిల వాళ్లకి ఈ కథ ఎక్కడికి పోతుందో ముందే తెలుసు.) 1963లో గని కోసం వాళ్ల భూమి తీసుకుంటుంటే, వాళ్లు చెట్టు బెరడు మీద తమ బొమ్మలు వేసి, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ అర్జీ రాసి పార్లమెంటుకి పంపారు. గని ఆగలేదు. కోర్టుకెళ్తే 1971లో ఓడిపోయారు. అయినా వదల్లేదు. 1988 జూన్‌లో బారుంగా అనే చోట జరిగిన ఉత్సవానికి ప్రధాని బాబ్ హాక్ వస్తే, గలరువుయ్ యునుపింగు లాంటి నాయకులు ఆయన చేతికి తమ ప్రకటన ఇచ్చారు. ఆదివాసులతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంటుందని ప్రధాని మాటిచ్చాడు. 1990 అన్నాడు. 1990 వచ్చింది, పోయింది. ఒప్పందం రాలేదు.

గలరువుయ్ తమ్ముడు మండవుయ్ యునుపింగు. ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఆదివాసుల్లో మొదటి డిగ్రీ పట్టభద్రుడు. టీచరు. యిర్రకాలా అనే తమ ఊరి బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. మన దగ్గరైతే ఆ స్థాయికొచ్చినోడు బదిలీ కోసం ఐటీడీఏ చుట్టూ తిరుగుతుంటాడు. ఆయన బ్యాండ్ నడిపాడు. పేరు 'యోత్తు యిండి'. వాళ్ల భాషలో బిడ్డ, తల్లి అని. అందులో ఆదివాసులూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. ఎలక్ట్రిక్ గిటారు పక్కన యిడాకి అనే పొడవాటి కర్ర వాయిద్యం, బిల్మా అనే చిడతల కర్రలు. ఆ బ్యాండ్ 1991 జూన్‌లో ఒక సింగిల్ విడుదల చేసింది. పేరు 'ట్రీటీ'. అంటే ఒప్పందం. ప్రధాని మాటిచ్చి తప్పిన ఆ ఒప్పందమే.

పాట ఎలా తయారైందో చూడండి. మనం నేర్చుకోవాల్సింది అక్కడే ఎక్కువ.

ఒకటి, అడిగేది సూటిగా అడిగారు. అడవి అందం, అమ్మ ప్రేమ చుట్టూ తిరగలేదు. డిమాండునే పాట పేరుగా పెట్టారు. రేడియోలో విన్నాం, టీవీలో చూశాం, మీ మాట ఏమైంది అనే తీరులో పాట నడుస్తది.

రెండు, సొంత భాష వదల్లేదు. సగం ఇంగ్లీషు, సగం వాళ్ల గుమాజ్ భాష. అర్థం కాని భాగం వచ్చినప్పుడు వినేవాడే కష్టపడాలి. ఆదివాసీ భాష కలిసిన పాట ఆస్ట్రేలియా చార్టుల్లోకి ఎక్కడం అదే మొదలు.

మూడు, పాత బాణీని పారెయ్యలేదు. వాళ్ల కుర్రాళ్లు వెనకటి తరాల్లో సరదాగా ఆడి పాడుకునే 'జత్పంగరి' అనే పాట తీరుంది. దాన్ని తెచ్చి రాక్ మధ్యలో కూర్చోబెట్టారు. అంటే మనం రేలా పాటను తెచ్చి గిటారు మధ్యలో పెట్టినట్టు.

నాలుగు, స్నేహితుల్ని కలుపుకున్నారు, కానీ పగ్గం ఇవ్వలేదు. పాల్ కెల్లీ, మిడ్‌నైట్ ఆయిల్ బ్యాండ్ పీటర్ గారెట్ లాంటి పేరున్న తెల్ల సంగీతకారులు పాట రాయడంలో చెయ్యి వేశారు. అయినా పాట యోత్తు యిండిదే. రాసినవాళ్ల పేర్లలో బ్యాండ్ సభ్యుల పేర్లున్నాయి.

ఐదోది తమాషాగా ఉంటది. మొదట విడుదలైన పాట పెద్దగా ఆడలేదు. మెల్‌బోర్న్‌కి చెందిన ఫిల్తీ లూకర్ అనే డీజే బృందం దాన్ని డ్యాన్స్ రీమిక్స్ చేస్తే అప్పుడు దేశమంతా ఊగింది. చార్టుల్లో 11వ స్థానం దాకా వెళ్లింది. క్లబ్బుల్లో తాగి ఊగినోళ్లలో ఎంతమందికి ఒప్పందం గొడవ తెలుసు? చాలామందికి తెలిసుండదు. కానీ ఆ మాట దేశం నోట్లో పడింది. మరుసటి ఏడు, 1992కి, మండవుయ్‌ని ఆ దేశం 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' అంది.

మరి ఒప్పందం వచ్చిందా? రాలేదు. 1991 డిసెంబర్లో పదవి దిగిపోయే రోజున బాబ్ హాక్ బారుంగా ప్రకటనను పార్లమెంటు గోడకి తగిలించాడు. గోడకెక్కింది, చట్టంలోకెక్కలేదు. మండవుయ్ 2013లో చనిపోయాడు. దేశం మొత్తానికీ వర్తించే ఒప్పందం ఇప్పటికీ లేదు. 2023 అక్టోబర్లో ఆదివాసులకి పార్లమెంటు దగ్గర ఒక సలహా గొంతు ఇద్దామా అని జనాన్ని ఓటు అడిగితే, దాదాపు 60 శాతం వద్దన్నారు.

ఇక్కడ మీలో కొందరు అంటారు, చూశావా, పాటతో ఏమొచ్చింది అని. నేను అడిగేది, పాట లేకపోతే ఏం మిగిలేది? ప్రధానులు మారారు, హామీ ఇచ్చినోడు పోయాడు, ఫైలు గోడకెక్కింది. కానీ మాటిచ్చి తప్పారనే సంగతి మాత్రం ముప్పై ఏళ్లు దాటినా చావలేదు. ఎందుకంటే అది ఫైల్లో లేదు, పాటలో ఉంది. పాట భూమిని తెచ్చిపెట్టదు. భూమి తీసుకున్నోడిని మర్చిపోనివ్వదు. మనం పాటను అడగాల్సింది అంతవరకే. మిగతాది సంఘం చెయ్యాలి, కోర్టు కేసు చెయ్యాలి, గ్రామసభ చెయ్యాలి. నియమగిరిలో 2013లో డోంగ్రియా కోందుల 12 గ్రామసభలు వేదాంత గనికి వద్దని చెప్పాయి. గని ఆగింది తీర్మానాలతో. ఆ తీర్మానాల దాకా జనాన్ని ఒక్కటిగా నిలబెట్టిన వాటిల్లో వాళ్ల కొండ పాటలూ ఉన్నాయి. రెండూ కావాలి.

ఇంకో అభ్యంతరం కూడా విన్నా. గిటారు, డ్రమ్స్ మన సంస్కృతి కాదు, మనకి డోలుంది, కొమ్ము ఉంది, రేలా ఉంది, రాక్ ఎందుకు అని మన పెద్దలే కొందరు అంటున్నారు. ఆ మాటలో బాధ ఉంది, దాన్ని నేను కొట్టిపారెయ్యను. కంచుమేళం డోలు వాయిస్తా సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన మన కోయ పెద్దాయన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆయనతో పాటు ఎన్ని కథలు పోయాయో లెక్క కట్టేవాడు లేడు. అలాంటప్పుడు ముందు ఉన్నదాన్ని కాపాడుకోవాలి కదా అంటే, అవును. కానీ కాపాడుకోవడమంటే పెట్టెలో పెట్టడం కాదు. ఆగస్టు 9న స్టేజీ మీద, మంత్రి గారు వచ్చినప్పుడు గేటు దగ్గర, రిసార్టులో విందు ముందు, మన కొమ్ము కోయ ఆట ఎక్కడ ఆడిస్తున్నారో చూడండి. ఆడినంతసేపు ఫొటోలు, ఆట అయ్యాక వెనక గేటు. మన డోలు చప్పుడు వాళ్లకి కావాలి, డోలు వాయించేవాడి నోటి మాట వద్దు. గిటారు వల్ల మన సంస్కృతి చెడదు. మాట లేకుండా ఆడితేనే చెడుద్ది.

సినిమాలూ అంతే. అడవి సీన్ అనగానే మన అరుపుల్లాంటివి నాలుగు పెడతారు, ఏ భాషో ఎవరికీ తెలీదు. మన బాణీ తీసుకుంటే 'జానపదం' అని రాసేస్తారు, అంటే ఓనరు లేనిదని. జానపదం అంటే ఓనరు లేనిది కాదు, ఊరంతా ఓనరైనది. తీసుకునేవాడు ఊరిని అడగాలి. పీసా చట్టం భూమికి చెప్పిన సూత్రమే, మన పాటకి కూడా మనం పెట్టుకోవాలి.

కాబట్టి మన కుర్రాళ్లకి, ముఖ్యంగా కాలేజీల్లో బ్యాండ్లు పెడదామని తిరుగుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నాలుగు మాటలు.

మొదటిది, చౌరస్తా పాటని వదిలెయ్యకండి, పాడండి. కానీ వాళ్లలాగే ఇంకో పాట కట్టకండి. వాళ్లు ప్రశ్న అడిగారు. మన పాట జవాబు చెప్పాలి. ఆ ఊరు ఎక్కడుందంటే, 41.15 కాంటూరు కింద ఉంది, పునరావాస కాలనీలో గోడలు నెర్రెలిచ్చిన ఇంట్లో ఉంది, భూమికి భూమి అని చెప్పి ఇవ్వని కాగితంలో ఉంది. ఆ అంకె పాటలోకి రావాలి. 1/70 రావాలి. 1997 సమతా తీర్పు రావాలి. అంకెలు పాటలో ఇమడవు అనేవాడికి చెప్పండి, మన ముసలమ్మలు సర్వే నెంబర్లు రాగం తీసి చెప్పగలరు.

రెండోది, కోయ భాషలో రాయండి. వినేవాడికి అర్థం కాదని భయపడొద్దు. తెలుగు చరణం ఒకటి పెట్టండి, మిగతాది కోయలో ఉండనివ్వండి. కొండరెడ్లయితే మీ యాస దిద్దుకోకుండా మీ తెలుగే పాడండి. బడిలో మన భాష వచ్చిన టీచర్ల సంగతి 2020లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసినప్పుడే మనకి తెలిసిపోయింది. బడి నేర్పకపోతే పాట నేర్పాలి.

మూడోది, పేర్లు రాయండి. బాణీ ఏ ఊరిదో, ఏ అవ్వ పాడితే రికార్డు చేశారో, డోలు ఎవరు కొట్టారో వీడియో కింద రాయండి. అవ్వని ముందు అడగండి. డబ్బులొస్తే వాటా ఇవ్వండి. బయటోళ్లు మనకి చెయ్యలేదని ఏడ్చేది మనం మనవాళ్లకి చెయ్యకపోతే ఎలా?

నాలుగోది, దిగువకి రండి. మన పాటని మన్యంలోనే పాడుకుంటే మనకి తెలిసిందే మనకి చెప్పుకున్నట్టు. రాజోలు సెంటర్లో పాడండి, అమలాపురం కాలేజీల్లో పాడండి, పాశర్లపూడిలో పాడండి. గోదారి పైన మునిగినోడు, కింద మండినోడు ఒక పాటకి ఒకేసారి చప్పట్లు కొడితే, అది ఏ పార్టీ సభకన్నా పెద్ద సభ. వాళ్ల పాట కూడా మనం వినాలి. లంకలు కోసుకుపోయే మాట వాళ్ల నోట విందాం.

దిండిలో నాతో ఉన్న పిల్లలు ఇప్పటికి రెండు చరణాలు కట్టారు. ఒకటి కోయలో, ఒకటి తెలుగులో. గిటారు ఒకటే ఉంది, దానికీ ఒక తీగ లేదు. డోలు పైనుంచి తెప్పిస్తున్నాం. పల్లవికి మాటలింకా కుదరలేదు. మీ ఊరి బాణీ ఏదైనా ఉంటే, ఊరిని అడిగి, ఊరి పేరుతో సహా పంపండి.

జై ఆదివాసీ!
జల్, జంగల్, జమీన్ మనదే.